డోసు మారదు, స్థాయి మారుతుంది: పిల్లల మూర్ఛ మందుల్లో పొరపాట్లు ఎక్కడ పుడతాయి

క్లుప్తంగా: పిల్లలకు రోజూ ఇచ్చే మూర్ఛ మందుల విషయంలో ఇళ్లలో ఉండే భయం ఎక్కువగా మందు మీదే ఉంటుంది. ప్రమాదం మాత్రం చాలాసార్లు రక్తంలో మందు స్థాయి ఉండాల్సిన చోటు నుంచి పైకి పోవడంలోనో, కిందికి జారడంలోనో ఉంటుంది. కొలత తప్పడం, పూట తప్పడం, సీసా మారడం, ఇంకో మందు తోడవడం, బిడ్డ బరువు పెరగడం, ఒక్కసారిగా ఆపేయడం ఆ స్థాయిని కదిలిస్తాయి. వీటిలో సగం మార్పులు ఎవరూ డోసు ముట్టుకోకుండానే జరిగిపోతాయి.

చీటీలో ఒక కొలత, సిరంజి మీద ఇంకో కొలత

12 కిలోల బరువున్న బిడ్డకు వైద్యుడు లెవెటిరాసెటమ్ సిరప్ రాశారనుకుందాం. కిలోకు రోజుకు 20 మిల్లీగ్రాముల లెక్కన మొత్తం 240 మిల్లీగ్రాములు. రెండు పూటలకు పంచితే పూటకు 120. ఆ సిరప్ సాధారణంగా మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢతతో వస్తుంది కాబట్టి పూటకు పోయాల్సింది 1.2 మిల్లీలీటర్లు. అదే 120 మిల్లీగ్రాములు 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములుండే వాల్‌ప్రోయేట్ సిరప్‌లో అయితే 3 మిల్లీలీటర్లు. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవే. డోసు ప్రతి బిడ్డకూ విడిగా నిర్ణయించేది.

మందుల చీటీలో తరచూ మిల్లీగ్రాములు ఉంటాయి, చేతిలోని సిరంజి మీద మిల్లీలీటర్లు ఉంటాయి. రెండింటినీ కలిపేది సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే గాఢత ఒక్కటే. దాన్ని చూడకుండా ‘120’ని గానీ ‘1.2’ని గానీ గుర్తుపెట్టుకుంటే ఏదో ఒక రోజు తేడా వస్తుంది. 1.2లోని చుక్క కంటికి ఆనకపోతే 12 అవుతుంది. అంటే పది రెట్లు. పిల్లల మందుల్లో పదిరెట్ల పొరపాట్లు పుట్టేది తరచూ ఇలాంటి చుక్క దగ్గరే. అందుకే చీటీలో మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, సీసా గాఢత మూడూ పక్కపక్కన రాయించుకోవడం మంచి పద్ధతి. మందుల దుకాణంలో వేరే గాఢత ఉన్న సీసా ఇచ్చినప్పుడు మొదట అనుమానం పుట్టేది ఆ మూడు అంకెలు కలవనప్పుడే.

మందు చేసే పని, చేయని పని

మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. వాటిలో చాలా కణాలు అదుపు లేకుండా, ఒక్కసారిగా, ఒకే తాళంలో సంకేతాలు పంపడం మొదలుపెడితే ఫిట్ వస్తుంది. మూర్ఛ మందులు ఆ తాళాన్ని తెంపుతాయి. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, లామోట్రిజిన్ కణాల పొరలో ఉండే సోడియం ద్వారాలు మాటిమాటికీ తెరుచుకోకుండా చూస్తాయి. ఫినోబార్బిటాల్, క్లోబజామ్ మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి బలం చేకూరుస్తాయి. లెవెటిరాసెటమ్ ఎస్‌వీ2ఏ అనే ప్రోటీన్‌కు అతుక్కుని పనిచేస్తుంది. వాల్‌ప్రోయేట్‌ది ఒక్క దారి కాదు, పలు దారులు.

ఈ తేడాల వల్లే ఒక బిడ్డకు పనిచేసిన మందు ఇంకో బిడ్డకు పనికిరాకపోవచ్చు, కీడు కూడా చేయవచ్చు. ఆడుకుంటూ ఆడుకుంటూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ‘ఆబ్సెన్స్’ రకం ఫిట్స్‌ను కార్బమజెపిన్ పెంచగలదు. సోడియం ద్వారాలకు సంబంధించిన జన్యులోపంతో వచ్చే డ్రావే సిండ్రోమ్‌లో, ఆ ద్వారాలనే మూసే మందులు పరిస్థితిని దిగజారుస్తాయి. ఫలానా వారి బిడ్డకు తగ్గిందని అదే మందు అడిగి రాయించుకోవడం ఎందుకు తగదో ఇక్కడ తెలుస్తుంది.

ఈ మందుల్లో చాలావరకు మూర్ఛకు మూలకారణాన్ని తీసివేసేవి కావు. రక్తంలో ఉన్నంతసేపు కాపలా కాస్తాయి, అంతే. 1912లో వాడుకలోకి వచ్చిన ఫినోబార్బిటాల్, 1938లో వచ్చిన ఫెనిటాయిన్, 1999లో అనుమతి పొందిన లెవెటిరాసెటమ్ మధ్య పెద్ద తేడా ఫిట్స్‌ను ఆపే బలంలో కాదు. స్థాయిని అదుపులో ఉంచడం ఎంత తేలిక, ఇతర మందులతో ఎంత తగువు పెట్టుకుంటుంది అన్నదే తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది; సరైన నిర్ధారణ, చికిత్స అందితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. ‘సరైన చికిత్స’ అన్న మాటలో మందు పేరుతో పాటు ఆ మందు రోజూ అందే తీరు కూడా ఉంది.

జ్వరంతో మాత్రమే ఫిట్స్ వచ్చే పిల్లల సంగతి వేరు. 6 నెలల నుంచి 5 ఏళ్ల మధ్య కనిపించే ఈ రకానికి, మామూలు సందర్భాల్లో రోజువారీ మూర్ఛ మందు అవసరం లేదని పిల్లల వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

చెరువు, తూము

రక్తంలో మందు స్థాయిని అర్థం చేసుకోవడానికి చెరువును ఊహించుకుంటే చాలు. రోజూ వేసే డోసు పైనుంచి వచ్చే నీరు. కాలేయమో మూత్రపిండాలో తూములా దాన్ని బయటికి పంపుతుంటాయి. వచ్చేది, పోయేది సమానమైన చోట మట్టం నిలుస్తుంది. ఒక మందు స్థాయి సగానికి పడిపోవడానికి పట్టే కాలానికి సుమారు ఐదింతలు గడిస్తే గానీ ఆ మట్టం నిలకడకు రాదు.

లెవెటిరాసెటమ్ పిల్లల్లో 5-6 గంటల్లోనే సగానికి తగ్గుతుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో నిలకడకు వస్తుంది. పూట తప్పితే అంతే వేగంగా జారుతుంది. ఫినోబార్బిటాల్ సగానికి తగ్గడానికి రోజులు పడుతుంది. దాని స్థాయి నిలవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. డోసు పెంచిన మూడో రోజున ‘ఏం మార్పు లేదు’ అనే మాట మొదటి మందు విషయంలో వైద్యుడికి పనికొచ్చే సమాచారం. రెండో దాని విషయంలో తొందరపాటు.

పిల్లల తూము పెద్దలదానికి చిన్న నమూనా కాదు. పుట్టిన కొత్తలో కాలేయం నెమ్మదిగా పనిచేస్తుంది, మందు పేరుకుపోతుంది. కొన్ని నెలలు గడిచాక లెక్క తిరగబడుతుంది: పసిపిల్లలు, చిన్నపిల్లలు కిలో బరువుకు పెద్దలకంటే వేగంగా చాలా మందులను వదిలించుకుంటారు. అందుకే కిలో లెక్కన వారి డోసు పెద్దల డోసు కంటే ఎక్కువగా కనిపించడం మామూలే. పెద్దల మాత్రను ‘సగం చేసి ఇస్తే సరిపోతుంది’ అనే ఊహ ఇక్కడే దెబ్బతింటుంది.

ఫెనిటాయిన్ ఈ లెక్కల్లో అన్నిటికంటే మొండిది. దాన్ని విరగ్గొట్టే ఎంజైములకు ఒక పరిమితి ఉంది. తూము నిండుగా పారుతున్నప్పుడు పైనుంచి ఇంకాస్త నీరు వదిలితే చెరువు మట్టం ఎగబాకినట్టు, డోసు కొంచెం పెంచినా స్థాయి చాలా పెరిగిపోతుంది. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు దీనికి మామూలుగా చెప్పే పరిధి. ఆ పరిధి దాటితే బిడ్డ తూలుతూ నడుస్తుంది, కనుగుడ్లు పక్కలకు కొట్టుకుంటాయి, మాట ముద్దవుతుంది. స్థాయి బాగా పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు. రక్తపరీక్ష చేయించేటప్పుడు సాధారణంగా ఉదయం డోసు వేయకముందే నమూనా ఇవ్వాలి; మందు వేసిన గంటకు ఇస్తే వచ్చే అంకె వైద్యుడిని తప్పుదారి పట్టిస్తుంది.

చెంచా, మూత, సిరంజి

ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2015లో పిల్లల ద్రవ మందులను చెంచాల లెక్కన కాకుండా మిల్లీలీటర్లలోనే రాయాలని, కొలవాలని సూచించింది. సీసాతో వచ్చే మూత చెంచా కంటే నయమే కానీ, 1.2కీ 1.5కీ ఉన్న తేడా అందులో చూడటం కష్టం. నోటి ద్వారా మందు ఇచ్చే ఓరల్ సిరంజి అన్నిటికంటే నమ్మకమైనది. చిన్న డోసుకు చిన్న సిరంజి వాడాలి. 10 మిల్లీలీటర్ల సిరంజిలో 1.2ను కచ్చితంగా కొలవడం కష్టం.

కొలిచే తీరు చిన్న విషయంలా అనిపిస్తుంది, రోజుకు రెండుసార్ల చొప్పున ఏళ్ల తరబడి చేసేది కావడంతో చిన్నది కాకుండా పోతుంది. సిరంజిని కంటి ఎత్తులో నిలువుగా పట్టుకోవాలి. లోపల గాలి బుడగ ఉంటే మందును తిరిగి సీసాలోకి నెట్టి మళ్లీ లాగాలి, ఎందుకంటే బుడగ ఆక్రమించిన చోటు మందు కాదు. మందును తాకే పిస్టన్ అంచు ఏ గీత మీద ఉందో అదే కొలత. బిడ్డను కూర్చోబెట్టిన భంగిమలో, సిరంజి కొనను చెంప లోపలి వైపు ఉంచి కొద్దికొద్దిగా వదలాలి. గొంతులోకి సూటిగా చిమ్మితే పొలమారుతుంది. ఇంజెక్షన్ సిరంజితో ఇచ్చేవాళ్లున్నారు. దాని కొనకుండే చిన్న మూత ఊడి బిడ్డ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి అది తగిన సాధనం కాదు.

సీసాను కుదపడం దగ్గర ఇంకో మలుపు ఉంది. లెవెటిరాసెటమ్ ద్రవంలో మందు పూర్తిగా కరిగి ఉంటుంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ద్రవాలు అలా కాదు. మందు పొడి రేణువులుగా తేలుతూ నిలవ ఉంటే అడుగుకు చేరుతుంది. కుదపకుండా పోస్తే సీసా పై సగం పలుచన, కింది సగం చిక్కన. మొదటి వారాల్లో సరైన కొలతే ఇచ్చినా మందు తక్కువ అందుతుంది, ఫిట్స్ ఆగవు. అది చూసి డోసు పెంచుతారు. అప్పటికి సీసా అడుగు మిగులుతుంది: పెరిగిన కొలత, చిక్కబడ్డ మందు రెండూ కలిసి ఒకేసారి బిడ్డకు చేరతాయి. ఫెనిటాయిన్ మొండితనం దానికి తోడవుతుంది. మందుల చీటీలో తప్పు లేదు, సిరంజి గీతలో తప్పు లేదు; ‘బాగా కుదిపి వాడాలి’ అని రాసిన చిన్న అక్షరాలను ఎవరూ చదవకపోవడంతో బిడ్డ గోడ పట్టుకుని నడుస్తుంది.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెద్దలుంటే ఒకరు వేశారని తెలియక ఇంకొకరు వేయడం, లేదా ఇద్దరూ అవతలివారు వేసే ఉంటారనుకోవడం జరుగుతుంది. సీసా పక్కనే ఒక కాగితం పెట్టి, వేసిన వెంటనే గీత గీయడం దీనికి తేలికైన విరుగుడు. ఫోనులో అలారం మోగితే వేళ గుర్తొస్తుంది కానీ, మందు వేశారో లేదో అలారానికి తెలియదు.

పూట తప్పినప్పుడు, వాంతి అయినప్పుడు

రెండు పూటల మందులో ఒక డోసు మరిచిపోతే ఏం చేయాలన్నది తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న. సాధారణ సూత్రం ఇది: తర్వాతి డోసుకు సగం కంటే ఎక్కువ సమయం ఉంటే గుర్తొచ్చిన వెంటనే ఇవ్వవచ్చు, అంతకంటే దగ్గర పడితే వదిలేసి, తర్వాతి డోసును మామూలు వేళకు ఇవ్వాలి. రెండు డోసులు కలిపి ఇవ్వకూడదు. తగ్గిన మట్టాన్ని ఒక్కసారిగా నింపబోతే అది గట్టు దాటుతుంది. లామోట్రిజిన్ విషయంలో మాత్రం వరుసగా కొన్ని రోజులు ఆగిపోతే పాత డోసుతో తిరిగి మొదలుపెట్టకూడదు. మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కాల్సి రావచ్చు కాబట్టి వైద్యుడిని అడగాలి. కారణం కింద చర్మం గురించి చెప్పే చోట వస్తుంది.

మందు వేశాక బిడ్డ కక్కేస్తే 30 నిమిషాల లోపా, తర్వాతా అన్నది చాలామంది వైద్యులు పాటించే గీత. లోపు అయితే అదే డోసు మళ్లీ ఒకసారి ఇవ్వడం, దాటితే మళ్లీ ఇవ్వకపోవడం. మందును బట్టి, బిడ్డను బట్టి ఈ గీత మారవచ్చు. దాన్ని అర్ధరాత్రి వెతుక్కునే బదులు చికిత్స మొదలైన రోజే అడిగి రాసుకోవడం మేలు. వాంతులు ఆగకపోతే సంగతి వేరే. జ్వరం ఫిట్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, వాంతి మందును బయటికి నెడుతుంది, నిద్రలేమి ఇంకాస్త ఊతమిస్తుంది. మూడూ ఒకే రాత్రి కలుస్తాయి. అటువంటప్పుడు తెల్లవారేదాకా వేచి చూడకుండా వైద్య సలహా తీసుకోవాల్సిందే.

డోసులు తప్పడం ఎంత బరువైన విషయమో ఒక అంకెతో చెప్పవచ్చు. మూర్ఛ ఉన్నవారిలో అరుదుగా, ఇతర కారణం కనిపించని హఠాన్మరణం సంభవిస్తుంది. 2017లో వచ్చిన అమెరికన్ న్యూరాలజీ అకాడమీ మార్గదర్శకం ప్రకారం పిల్లల్లో ఇది ఏడాదికి 4,500 మందిలో ఒకరికి. పెద్దల్లో 1,000 మందిలో ఒకరికి. ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకునే పెద్ద ఫిట్స్ తరచూ రావడం దీనికి ముఖ్యమైన ప్రమాద సూచిక. ఆ ఫిట్స్‌ను అదుపులో ఉంచడమే ఇప్పటికి తెలిసిన ప్రధాన రక్షణ.

మాత్రను నూరవచ్చా

కొన్ని మాత్రలను నూరవచ్చు, కొన్నింటిని అసలు నూరకూడదు. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రల పొర, లోపలి అల్లిక పన్నెండు గంటలపాటు మందును కొద్దికొద్దిగా వదలడానికే ఉంటాయి. దాన్ని నూరితే అంతసేపటి మందు గంటలోనే రక్తంలోకి చేరుతుంది. బిడ్డ మొదట మత్తుగా పడి ఉంటుంది, తర్వాతి డోసు వేళకు ముందే స్థాయి జారిపోతుంది. ఒకే మాత్ర ఒకే రోజున ఎక్కువా అవుతుంది, తక్కువా అవుతుంది. మింగలేని పిల్లల కోసం వాల్‌ప్రోయేట్, టోపిరమేట్‌లలో విప్పి చల్లుకునే గుళికలు ఉన్నాయి. వాటిలోని రేణువులను మెత్తని ఆహారం మీద చల్లి, నమలకుండా మింగించాలి. గిన్నెడు ఆహారంలో కలిపితే బిడ్డ సగంలో ముఖం తిప్పుకుంటే ఎంత మందు వెళ్లిందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఒకటి రెండు ముద్దల్లో సరిపెట్టాలి.

నిల్వ కూడా స్థాయిని కదిలిస్తుంది. కార్బమజెపిన్ మాత్రలు తేమ తగిలితే గట్టిపడి, మూడో వంతుకు పైగా ప్రభావం కోల్పోగలవు. స్నానాల గది అలమర వాటికి తగిన చోటు కాదు. కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు అతి తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహార చికిత్సలో ఉన్న బిడ్డకైతే సిరప్‌లోని చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. ఇది చాలామందికి తట్టని సంగతి.

కంపెనీ మారితే స్థాయి మారుతుందా అన్న ప్రశ్నకు అన్ని మందులకూ ఒకే జవాబు లేదు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఈ మందులను మూడు వర్గాలుగా విడదీసింది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ మొదటి వర్గం: ఒకే తయారీదారు మందునే కొనసాగించాలి. వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్ రెండో వర్గం: వైద్యుడి విచక్షణకు వదిలారు. లెవెటిరాసెటమ్ మూడో వర్గం, అక్కడ మారినా సాధారణంగా చిక్కు లేదు.

ఇంకో మందు చేరినప్పుడు

ఫిట్స్ ఆగి నెలలు గడిచిన బిడ్డకు దగ్గు వస్తుంది. వేరే వైద్యుడు క్లారిత్రోమైసిన్ రాస్తారు. రెండు మూడు రోజుల్లో బిడ్డ తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, ఒకటి రెండుగా కనిపిస్తోందంటుంది. జ్వరం తాలూకు నీరసం అనుకుంటారు. జరిగింది వేరు: క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కాలేయంలో కార్బమజెపిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. తూము మూసుకుపోయింది, మట్టం పెరిగింది.

దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. ఆసుపత్రిలో ఇచ్చే మెరోపెనెమ్ వంటి యాంటీబయాటిక్‌లు వాల్‌ప్రోయేట్ స్థాయిని ఒకటి రెండు రోజుల్లోనే బాగా పడగొడతాయి. డోసు పెంచినా అది తేరుకోవడం కష్టం. వాల్‌ప్రోయేట్ తన వంతుగా లామోట్రిజిన్ శరీరంలో నిలిచే కాలాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. కార్బమజెపిన్ మరీ చిత్రమైనది. మొదటి కొన్ని వారాల్లో తనను విరగ్గొట్టే ఎంజైములను తానే పెంచుకుంటుంది. మొదటి వారం బాగా పనిచేసిన డోసు నాలుగో వారానికి చాలకుండా పోవడానికి కారణం అదే, బిడ్డ శరీరం మందుకు ‘అలవాటు పడటం’ కాదు.

కాబట్టి జలుబుకో చర్మానికో వెళ్లినా మూర్ఛ మందు పేరు చెప్పడం తప్పనిసరి. మొక్కల మందులు, బలానికి వాడే పొడులు ఉంటే అవి కూడా చెప్పాలి. ‘అవి మందులు కావు’ అనే లెక్క కాలేయానికి తెలియదు.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

మందు మొదలైన కొత్తలో మత్తు, తల తిరగడం, ఆకలి మారడం తరచూ కనిపిస్తాయి. చాలావరకు కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. లెవెటిరాసెటమ్‌తో కొందరు పిల్లలకు చిరాకు, మొండితనం, కోపం పెరుగుతాయి. ఫినోబార్బిటాల్ పెద్దలకు మత్తు తెస్తే, కొందరు పిల్లలను ఒకచోట నిలవనివ్వదు. టోపిరమేట్‌తో చెమట తగ్గి, ఎండలో ఒళ్లు వేడెక్కవచ్చు. వీటిని తదుపరి సందర్శన వరకు రాసి ఉంచుకుని చెప్పవచ్చు, భరించలేనంతగా ఉంటే ముందే చెప్పాలి.

అప్పటిదాకా ఆగలేనివి కొన్ని ఉన్నాయి. లామోట్రిజిన్, కార్బమజెపిన్, ఫెనిటాయిన్ మొదలైన తొలి ఎనిమిది వారాల్లో దద్దురు వస్తే అదే రోజు వైద్యుడికి చూపించాలి. నోట్లో పుండ్లు, ఎర్రబడ్డ కళ్లు, జ్వరం, చర్మం బొబ్బలెక్కడం తోడైతే అది చర్మం, నోటి లోపలి పొర ఊడిపోయే తీవ్రమైన ప్రతిచర్య, స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు, అత్యవసరం. లామోట్రిజిన్‌లో ఈ ముప్పు పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువ. డోసు వేగంగా పెంచితే, వాల్‌ప్రోయేట్ తోడుగా ఉంటే ఇంకా ఎక్కువ. వారాల తరబడి మెట్టు మెట్టుగా పెంచడం, మధ్యలో ఆగితే మళ్లీ కిందినుంచి మొదలుపెట్టడం ఇందుకే. కార్బమజెపిన్ విషయంలో హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యురూపం ఉన్నవారికి ముప్పు ఎక్కువని తేలడంతో, ఆసియా మూలాలున్నవారికి ముందే ఆ పరీక్ష చేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో సూచించింది.

వాల్‌ప్రోయేట్‌తో కాలేయం దెబ్బతినడం అరుదు. రెండేళ్ల లోపు పిల్లల్లో, ముఖ్యంగా ఒకటికి మించి మూర్ఛ మందులు వాడేవారిలో, జీవక్రియ లోపాలున్నవారిలో ఆ ముప్పు ఎక్కువ. ఆగని వాంతులు, తిండి మీద విముఖత, అసాధారణమైన మందకొడితనం, అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ తలెత్తడం దాని తొలి గుర్తులు. ఇదే మందు గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది. గర్భధారణలో వాడితే సుమారు 10 శాతం శిశువుల్లో పుట్టుక లోపాలు, 30 నుంచి 40 శాతం పిల్లల్లో ఎదుగుదల, నేర్చుకోవడంలో సమస్యలు కనిపించాయి. చిన్నతనంలో మొదలుపెట్టిన మందు కౌమారంలోకి అలాగే కొనసాగకుండా ఆడపిల్లల విషయంలో ముందే ఆలోచించాలనడం ఇందుకే.

ఎంత భయం కలిగినా ఇంట్లో తామే మందు ఆపేయడం వేరే ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. ఆపాలా, దేనితో మార్చాలా అన్నది ఆ రోజే వైద్యుడితో తేల్చుకోవాల్సిన విషయం.

ఫిట్ నడుస్తున్నప్పుడు

రోజూ ఇచ్చే మందుకీ, ఫిట్ నడుస్తుండగా ఇచ్చే మందుకీ పోలిక లేదు. స్పృహలేని బిడ్డ నోట్లో సిరప్ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే అత్యవసర మందులకు వేరే దారులు: మిడాజొలామ్ చెంపకూ చిగురుకూ మధ్యనో ముక్కులోనో, డయజిపామ్ మలద్వారంలో. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్ 5 నిమిషాలు దాటితే అది తనంతట తాను ఆగే అవకాశం తగ్గుతుందన్న లెక్కతోనే, 2015లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఆ గీత గీసింది. కాబట్టి ఫిట్ మొదలైన క్షణంలో గడియారం చూడటం మొదటి పని. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, చుట్టూ గట్టి వస్తువులు తీసేయడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం ఆ తర్వాతివి.

అత్యవసర డోసు ఎంత, ఎప్పుడు అన్నది ముందే రాతపూర్వకంగా ఉండాలి. బడిలోనూ ఆ కాగితం ప్రతి ఉండాలి. ఈ మందులు ఊపిరిని నెమ్మదింపజేయగలవు కనుక ఇచ్చాక బిడ్డ శ్వాసను కనిపెట్టి చూడాలి. ఫిట్ ఆగకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా, ఇది మొదటి ఫిట్ అయినా అంబులెన్సును పిలవాలి. ఆ కాగితంలో లేని రెండో డోసు ఇంట్లో ఇవ్వకూడదు.

బరువు పెరిగితే, మందు తగ్గిస్తే

మొదట చెప్పిన బిడ్డ 12 కిలోల నుంచి 15 కిలోలకు పెరిగిందనుకుంటే, అదే 240 మిల్లీగ్రాములు ఇప్పుడు కిలోకు 16 మాత్రమే. ఎవరూ ఏదీ మార్చలేదు, డోసు అయిదో వంతు తగ్గిపోయింది. ఫిట్స్ లేకపోతే కొందరు వైద్యులు దీన్ని తెలిసే వదిలేస్తారు. మందు తనంతట తాను పలచబడనిస్తారు. ఫిట్స్ పూర్తిగా ఆగని బిడ్డ విషయంలో అదే నిర్లక్ష్యమవుతుంది. తేడా తెలియాలంటే ప్రతి సందర్శనలో బరువు నమోదు కావాలి.

రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిస్తే మందు ఆపే ఆలోచన మామూలుగా వస్తుంది. అప్పుడు కూడా వారాల నుంచి నెలల పాటు మెట్లుగా తగ్గిస్తారు, రెండు మందులుంటే ఒకదాని తర్వాత ఒకటి. ఫినోబార్బిటాల్, క్లోబజామ్ వంటివాటిని ఇంకా నెమ్మదిగా తగ్గిస్తారు, ఎందుకంటే వాటిని హఠాత్తుగా ఆపడమే ఫిట్స్ తెప్పించగలదు. ఇలా ఆపిన పిల్లల్లో సుమారు ముగ్గురిలో ఇద్దరికి ఫిట్స్ తిరిగి రావు. కౌమారంలో మొదలై, చేతులు ఉలిక్కిపడినట్టు అదిరే మయోక్లోనిక్ మూర్ఛ వంటి కొన్ని రకాల్లో మాత్రం తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, అక్కడ రెండేళ్ల లెక్క అంత తేలికగా వర్తించదు.

తిరిగి వచ్చేవి ఎక్కువగా మందు తగ్గిస్తున్న నెలల్లోనో, ఆపిన మొదటి ఏడాదిలోనో వస్తాయి. ఆ కాలమంతా అత్యవసర మిడాజొలామ్‌ను ఇంట్లో ఉంచమని వైద్యులు చెప్పడం మామూలు. రోజువారీ సీసా అలమరలోంచి వెళ్లిపోయాక ఆ మిడాజొలామ్ గడువు తేదీని చూసేవారు ఉండరు. ఆఖరి మెట్టు దిగిన రోజునే ఆ తేదీని క్యాలెండరులో రాసిపెట్టుకోవాల్సి ఉంటుంది.